రెండో పిరమిడ్‌లోకి దారి ఎలా దొరికింది? గైడ్ చెప్పింది నమ్మబుద్ధి కావట్లేదు

గోదారిగట్టు
మొన్న జనవరిలో ఈజిప్ట్ వెళ్లొచ్చాం, నేనూ మా ఆవిడా మా అమ్మా. గీజాలో మధ్యలో ఉన్న పిరమిడ్, అదే ఖాఫ్రే రాజుది, దాని లోపలికి నేనూ మా ఆవిడా వెళ్లాం. నడుం వంచుకుని ఒక సొరంగంలో దిగడం, కొంచెం నడవడం, మళ్లీ ఎక్కడం. చొక్కా మొత్తం తడిసిపోయింది. చివర్లో ఒక పెద్ద గది వచ్చింది. గోడ మీద మసితో రాసిన పెద్ద పెద్ద నల్లటి అక్షరాలు, బెల్జోని అని ఒక పేరు, 2 మార్చి 1818 అని తేదీ. మా గైడ్ ఏమన్నాడంటే, ఈయన డైనమైట్ పెట్టి గోడ పగలగొట్టి లోపలికి వచ్చాడట. నాకు ఎక్కడో తేడా కొట్టింది. నేను వచ్చిన దారి పేల్చిన దారిలా లేదు, గ్రానైట్ నున్నగా చెక్కి ఉంది, అంచులు గీత గీసినట్టున్నాయి.

బయటికి రాగానే అమ్మ అడిగింది: "అంత కొండలో వాకిలి ఎక్కడుందో వాళ్లకెలా తెలిసిందిరా?" నా దగ్గర జవాబు లేదు. ఊరికొచ్చి నెల దాటినా ఆ ప్రశ్న వదలట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

వెన్నెల_బాల్కనీ
అమ్మగారి ప్రశ్నే అసలు ప్రశ్న. నేనూ ఆగుతున్నా జవాబు కోసం.

లెక్కల_టీచర్
డైనమైట్ మాట ముందే కొట్టేయండి. నోబెల్ దానికి పేటెంట్ తీసుకున్నదే 1867లో. 1818లో ఎక్కడి నుంచి వస్తుంది?

అనుమానం_ఫస్ట్
డైనమైట్ కాకపోతే తుపాకీ మందు. ఏదో ఒకటి పెట్టి పేల్చే ఉంటాడు. ఆ కాలం యూరప్ వాళ్లందరూ అంతే కదా, దొరికింది పట్టుకుపోవడం, దొరకనిది పగలగొట్టడం.

పాతపుస్తకం
అనుమానం గారూ, పక్క పిరమిడ్‌ల విషయంలో మీ మాట నిజం. 1837లో హోవర్డ్ వైజ్ అనే ఇంగ్లీషు కల్నల్ పెద్ద పిరమిడ్‌లో తుపాకీ మందు పేల్చుకుంటూ పైకి వెళ్లాడు. రాజు గది మీద ఒకదాని పైన ఒకటిగా చిన్న అరలున్నాయి. అన్నిటికంటే కింది అరను 1765లోనే నథానియల్ డేవిసన్ చూశాడు, మిగతా నాలుగూ వైజ్ మందుగుండుతోనే బయటపడ్డాయి. మీ గైడ్ ఈ రెండు కథలూ కలిపేసి ఉంటాడు.

కానీ బెల్జోని రెండో పిరమిడ్ తెరిచింది పేల్చి కాదు. బయట కూర్చుని చూసి. ఆయనే 1820లో లండన్‌లో అచ్చు వేయించిన పుస్తకంలో ఇదంతా రోజువారీగా రాసుకున్నాడు. నాకు చాలా ఇష్టమైన కథ ఇది. రాత్రి డ్యూటీ అయ్యాక పూర్తిగా రాస్తా.

చీమకుర్తి_రాయి
తప్పకుండా రాయండి పాతపుస్తకం అన్నా. మాది గ్రానైట్ క్వారీ పని. గ్రానైట్ అన్న మాట ఎక్కడ వినపడినా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

సింగరేణి_బిడ్డ
ఒక్క డౌట్. లోపలికి వెళ్లే దారి అసలు మూసేసే ఉందా? అన్ని వేల ఏండ్లు ఎవ్వరూ పోలేదా?

గోదారిగట్టు
నాదీ అదే డౌట్ సింగరేణి గారూ.

పాతపుస్తకం
సరే, మొదలుపెడుతున్నా. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

బెల్జోని ఇటలీలో పాడువా ఊరివాడు, 1778లో పుట్టాడు, తండ్రి మంగలి. మనిషి ఆరున్నర అడుగుల ఎత్తు. బతుకుతెరువు కోసం లండన్ చేరి స్టేజీ మీద బలప్రదర్శనలు ఇచ్చేవాడు, మనుషుల్ని గుత్తిగా భుజాల మీద ఎక్కించుకుని నడిచేవాడు. 1815లో ఈజిప్ట్ వెళ్లింది పిరమిడ్‌ల కోసం కాదు, నీళ్లు తోడే యంత్రం ఒకటి తయారుచేసి ఆ దేశపు పాలకుడు ముహమ్మద్ అలీకి చూపించడానికి. ఆ బేరం కుదరలేదు. చేతిలో డబ్బు లేదు, వెనక్కి వెళ్లే దారి లేదు. అప్పుడు బ్రిటిష్ కాన్సుల్ హెన్రీ సాల్ట్ పనిచ్చాడు, విగ్రహాలు కదిలించే పని.

1818 నాటికి పెద్ద పిరమిడ్ లోపలికి జనం ఎప్పటి నుంచో వెళుతున్నారు. రెండో దానికి మాత్రం వాకిలి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దీని కింద గదులేమీ లేవని హెరొడోటస్ అనే పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు రాసి పెట్టాడు, రెండు వేల ఏళ్లు అందరూ అదే నమ్మారు. నెపోలియన్‌తో వచ్చిన ఫ్రెంచి పండితులు కూడా వెతికి వదిలేశారు. కైరోలో ఉన్న యూరప్ వాళ్లు 20,000 పౌండ్ల చందా పోగుచేసి, అవసరమైతే మందుగుండు పెట్టి తెరుద్దామని మాట్లాడుకుంటున్న రోజులవి. అనుమానం గారి ఊహ ఊరికే పుట్టింది కాదు.

ఒకరోజు బెల్జోని స్నేహితులతో గీజా వచ్చాడు. వాళ్లు పెద్ద పిరమిడ్ లోపలికి వెళ్లారు. ఈయన బయటే ఒక రాయి మీద కూర్చుని రెండో దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి చుట్టూ తిరిగాడు. ఉత్తరం వైపుకొచ్చేసరికి ఒక విషయం కంటపడింది. గోడ మధ్యభాగం కింద పైనుంచి పడిన రాళ్లూ రప్పలూ గుట్టగా పేరుకుపోయి ఉన్నాయి. పక్క పిరమిడ్‌లో వాకిలి ఎంత ఎత్తులో ఉందో ఆ లెక్కన చూస్తే, ఇక్కడి గుట్ట అంతకంటే ఎత్తుంది. అంటే వాకిలి ఉంటే దాని కిందే పూడుకుపోయి ఉండాలి, పైకి కనపడే ఆస్కారమే లేదు. ఇన్నాళ్లూ వెతికినవాళ్లకి దొరకకపోవడానికి కారణం అదీ.

వెన్నెల_బాల్కనీ
అందరూ లోపలికి పరిగెత్తితే ఈయన బయట కూర్చున్నాడన్నమాట. నాకు ఇక్కడే నచ్చేశాడు.

కువైట్_కడప
ఉత్తరం వైపే ఎందుకు చూశాడు?

లెక్కల_టీచర్
పక్క పిరమిడ్ వాకిలి ఉత్తరానే ఉంది కాబట్టి. ఆ కాలం రాజుల పిరమిడ్‌లలో ఎక్కువ వాటికి అంతే. ఉత్తరాకాశంలో ధ్రువం చుట్టూ తిరిగే చుక్కలు ఎప్పుడూ అస్తమించవు కదా. వాటిని ఈజిప్ట్ వాళ్లు నాశనం లేనివి అనేవాళ్లు. చనిపోయిన రాజు వెళ్లి వాటిలో కలుస్తాడని వాళ్ల నమ్మకం. సొరంగం వాలు కూడా ఇంచుమించు అటే చూస్తుంటుంది.

పాతపుస్తకం
కొనసాగిస్తున్నా. కైరోలో అధికారి దగ్గర పర్మిషన్ తీసుకుని 80 మంది అరబ్ కూలీల్ని పెట్టాడు. 40 మంది తూర్పున, 40 మంది ఉత్తరాన. కూలి రోజుకి ఒక పియాస్త్రు, అంటే అప్పటి అక్కడి నాణెం. తూర్పున తవ్వినవాళ్లకి పాత గుడి పునాదులు బయటపడ్డాయి. ఉత్తరాన మాత్రం నరకం. పైనుంచి రాలిన సున్నం, రాతిపొడి కలిసి సిమెంటులా గట్టిపడి ఉంది, పారలు దిగలేదు. రోజుల తరబడి తవ్వినా ఏమీ లేదు.

ఫిబ్రవరి 18న ఒక కూలీకి రెండు రాళ్ల మధ్య సన్నని సందు కనిపించింది. బెల్జోని ఒక తాటిమట్టలాంటి పొడవాటి ఖర్జూరపు కర్ర దూర్చి చూశాడు. రెండు గజాలు లోపలికి పోయింది! రాళ్లు లాగేస్తే సొరంగం కనిపించింది. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ.

కాలేదు. అది అసలు వాకిలి కాదు. ఎప్పుడో దొంగలు పిరమిడ్ మధ్య భాగం నుంచి బలవంతంగా తొలుచుకుంటూ వెళ్లిన కన్నం. లోపల రాళ్లన్నీ పట్టు వదిలి వేలాడుతున్నాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బండ ఒకటి పనిచేస్తున్న కూలీ మీదికి జారింది. అటూ ఇటూ ఉన్న రెండు రాళ్లు అతని కంటే ఎత్తుగా ఉండబట్టి బండ వాటి మీద ఆగింది. వీపు మీద దెబ్బలతో బతికి బయటపడ్డాడు. బెల్జోని అక్కడితో ఆ కన్నం వదిలేశాడు.

సింగరేణి_బిడ్డ
చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. నేను 19 ఏండ్లు బాయిలో దిగిన. పైకప్పు కింద నిలబడే ముందు రాడ్‌తో కొట్టి చప్పుడు వినాలె. ఖంగున మోగితే పర్వాలేదు. బోలుగా డుబ్బుమంటే ఒక్క అడుగు కూడా ముందుకెయ్యద్దు. మా మేస్త్రీ నాకు మొదటిరోజు నేర్పిన పని అదొక్కటే. దొంగలు తొలిచిన సొరంగంలో ఆ చప్పుడు వినే తీరిక ఎవరికుంటది? ఆ కూలీకి ఆయుష్షు గట్టిది.

అనుమానం_ఫస్ట్
ఒక పియాస్త్రుకి ప్రాణం పణంగా పెట్టింది కూలీలు, గోడ మీద పేరు రాసుకుంది దొరగారు. ఇది గమనించారా ఎవరైనా?

చీమకుర్తి_రాయి
గమనించాం అన్నా. మా దగ్గరా అంతే కదా, కిచెన్‌లో ప్లాట్‌ఫారం మెరుస్తుంటే చూసేది దుకాణం పేరు. ఎవరు కోశారో ఎవడికి తెలుస్తుంది? కానీ కథ మధ్యలో ఆపకండి, అసలు వాకిలి ఎట్టా దొరికింది?

లెక్కల_టీచర్
పాతపుస్తకం గారు అనుమతిస్తే ఈ ముక్క నేను చెబుతా. తొమ్మిదో తరగతి పిల్లలకి జామెట్రీ ఎందుకని అడిగినప్పుడల్లా ఇదే చెబుతుంటాను.

బెల్జోని కూలీలకి ఒకరోజు సెలవిచ్చి మళ్లీ పక్క పిరమిడ్ దగ్గరికి వెళ్లాడు. ఈసారి చూసింది ఎత్తు కాదు, పక్కకి ఎంత జరిగి ఉందని. పెద్ద పిరమిడ్ వాకిలి గోడకి నడిమధ్యన లేదు. మధ్య గీత నుంచి తూర్పుకి 7 మీటర్ల పైన జరిగి ఉంది. ఎందుకలా? సొరంగం లోపల రాజు గది తూర్పు చివరకి వెళ్లి కలుస్తుంది. గది ఇంచుమించు పిరమిడ్ మధ్యన ఉంది. కాబట్టి గది మధ్య నుంచి దాని తూర్పు చివరకి ఎంత దూరమో, బయట గోడ మీద మధ్య నుంచి వాకిలికి కూడా ఇంచుమించు అంత దూరం ఉండాలి.

ఇప్పుడు రెండో పిరమిడ్‌కి రండి. దొంగల కన్నం గోడ మధ్యన ఉంది. అంటే అసలు వాకిలి దానికి తూర్పున ఉండాలి! కొలిచి చూసి, ఆ కన్నానికి సుమారు 30 అడుగులు తూర్పున గుర్తు పెట్టుకున్నాడు. అక్కడ గుట్ట కొంచెం కుంగినట్టు కూడా ఉంది. ఇప్పటి కొలతల్లో ఆ వాకిలి మధ్య గీతకి 12 మీటర్ల పైచిలుకు తూర్పున ఉంది. గది సరిగ్గా నడుమ లేదు కాబట్టి ఆయన లెక్కలో చిన్న పొరపాట్లున్నాయి. కానీ దిక్కు తప్పలేదు.

గోదారిగట్టు
మాస్టారూ, ఇది చదివి లేచి నిలబడ్డాను. టికెట్ తీసుకుని మేం పెద్ద పిరమిడ్ కూడా చూశాం. అక్కడ మమ్మల్ని పంపించిన దారి గరుకుగా, తొలిచినట్టు ఉంది. దానికి ఎడమ పక్కన, ఇంకా ఎత్తులో, పెద్ద పెద్ద రాళ్లు గుడారంలా ఆనించిన వాకిలి వేరే ఉంది, దానిలోంచి పంపట్లేదు. అప్పుడు అర్థం కాలేదు.

లెక్కల_టీచర్
అదే! ఉత్తరం వైపు గోడకి ఎదురుగా నిలబడితే తూర్పు మీ ఎడమ చేతి వైపు. గుడారంలా ఉన్నది అసలు వాకిలి, నేల నుంచి 17 మీటర్ల ఎత్తు. మీరు దూరింది మధ్యన తొలిచిన కన్నం. అక్కడ కూడా తొలిచినవాళ్లు వాకిలి మధ్యనే ఉంటుందని అనుకున్నారు. రెండు పిరమిడ్‌లలోనూ అదే పొరపాటు.

కువైట్_కడప
ఆ కన్నం ఖలీఫా అల్ మామూన్ చేయించిందని ఇక్కడ అందరూ అంటారు. బాగ్దాద్ ఖలీఫా, హారూన్ అల్ రషీద్ కొడుకు. 832లో ఈజిప్ట్ వచ్చాడు. రాయిని మంటపెట్టి ఎర్రగా కాల్చి, మీద పుల్లటి వెనిగర్ పోసి, పగిలాక దూలాలతో గుద్దించాడంట. ఇది నిజమేనా?

సింగరేణి_బిడ్డ
మంటతో రాయి పగలగొట్టడం నిజమే. మందుగుండు రాకముందు గనుల్లో అదే పద్ధతి. రాయిచూర్ దగ్గర హట్టి బంగారు గనిలో పాతకాలంవాళ్లు అట్లనే కాల్చుకుంటూ లోతుకు దిగిన్రు. వేడి మీదున్న రాయి మీద చల్లది పడితే పెటపెటా పగులుతది.

చీమకుర్తి_రాయి
పైగా పిరమిడ్‌లో ఎక్కువ భాగం సున్నపురాయి. పులుపు తగిలితే పొంగుతుంది అది. గ్రానైట్ అయితే వెనిగర్ ఎన్ని బిందెలు పోసినా లాభం లేదు.

పాతపుస్తకం
మామూన్ కథలో కొంత నిజం, కొంత జోడింపు. ఆ ఖలీఫాతో పాటు వెళ్లిన దియోనిసియస్ అనే సిరియా క్రైస్తవ మతాధిపతి, ఒక పిరమిడ్‌కి 50 మూరల లోతు కన్నం ఉండగా చూశానని రాశాడు. దాన్ని మామూనే మొదలుపెట్టాడా, అంతకుముందే ఉన్నదాన్ని పెద్దది చేయించాడా అన్నది పండితుల మధ్య వాదన. ఇంకోటి, వాళ్లు తవ్వుతుంటే లోపల ఎక్కడో పెద్ద రాయి ధబ్బున పడిన చప్పుడైందని, ఆ చప్పుడు పట్టుకుని అటు తిరిగి తవ్వారని చెబుతారు. ఆ ముచ్చట చాలా తర్వాతివాళ్ల రాతల్లోది. కానీ గమ్మత్తేమిటంటే, సొరంగం మాత్రం నేరుగా వెళ్లి వెళ్లి ఒకచోట నిజంగానే ఎడమకి, అంటే తూర్పుకి, తిరుగుతుంది. తిరిగిన చోట పైకెళ్లే దారిని మూసిన మూడు గ్రానైట్ దిమ్మలు అడ్డం వస్తాయి. గ్రానైట్‌ని ముట్టుకోకుండా పక్కనున్న మెత్తటి సున్నపురాయిని తొలుచుకుని చుట్టూ తిరిగి వెళ్లారు.

మరో మాట. రోమన్ల కాలంలో స్ట్రాబో అనే గ్రీకు రచయిత, పెద్ద పిరమిడ్‌లో తీసి పెట్టగలిగే రాయి ఒకటుందని, అది తీస్తే కిందికి వాలుగా దారి ఉందని రాశాడు. అంటే అప్పట్లో జనానికి తెలుసు. తర్వాత మర్చిపోయారు.

వెన్నెల_బాల్కనీ
వాకిలి ఎక్కడుందో ఒక దేశం దేశమే మర్చిపోయింది. నేను బీరువా తాళం మర్చిపోతే మాత్రం మా ఇంట్లో వారం రోజులు మాటలు పడాలి.

భూమిపుత్ర
ఇదంతా సరే, అన్ని టన్నుల రాళ్లు మనుషులే ఎత్తారంటే నేను నమ్మను. వేరే గ్రహాలవాళ్ల

మోడరేటర్
గ్రహాంతరవాసుల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ 61 పేజీలు నడుస్తోంది. ఇక్కడ వాకిలి దగ్గరే ఉందాం.

పాతపుస్తకం
వాకిలి దగ్గరికే వస్తున్నా. బెల్జోని గుర్తు పెట్టిన చోట మళ్లీ తవ్వకం మొదలుపెట్టించాడు. మళ్లీ అదే గట్టి సున్నం. కూలీలు వాళ్లలో వాళ్లు ఈయన్ని "మగ్నూన్" అనుకునేవాళ్లట. ఆ మాట ఆయన చెవిన పడింది, పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

కువైట్_కడప
హహ. ఇక్కడ రోజుకి పదిసార్లు వింటాం ఆ మాట. మా దగ్గర మజ్నూన్ అంటారు, ఈజిప్ట్ వాళ్లు జ ని గ గా పలుకుతారు. పిచ్చోడు అని. లైలా మజ్నూలో మజ్నూ అదే.

పాతపుస్తకం
ఫిబ్రవరి 28న పెద్ద గ్రానైట్ బండ ఒకటి బయటపడింది. అది వాలుగా కిందికి, పిరమిడ్ నడుము వైపు చూస్తోంది. చుట్టూ అంతా సున్నపురాయి, ఇదొక్కటే గ్రానైట్. మర్నాడు మొత్తం మూడు తేలాయి, అటొకటి ఇటొకటి, పైన ఒకటి. ఇంట్లో ద్వారబంధం ఎలా ఉంటుందో అలాగే. మార్చి 2 మధ్యాహ్నానికి దారి తెరుచుకుంది. నాలుగడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, 104 అడుగుల పొడవు, 26 డిగ్రీల వాలు. గోదారిగట్టు గారు నడుం వంచుకుని దిగింది దీంట్లోనే. రాళ్లతో సగం పూడి ఉంటే తీయించుకుంటూ కిందికి దిగారు.

కిందికి చేరితే మళ్లీ గండం. దారికి అడ్డంగా గ్రానైట్ పలక. పైనుంచి గాడిలో జారి మూసుకునే రకం, మందం అడుగూ మూడు అంగుళాలు. చూడగానే ఇక ఇంతేనేమో అనుకున్నాడు. వంగి చూస్తే కింద గాడి అడుగుకీ పలక అంచుకీ మధ్య ఎనిమిది అంగుళాల సందు ఉంది. పైన ఖాళీ ఉందా, లేపితే లేస్తుందా? ఒక బార్లీ గడ్డిపుల్ల తీసుకుని పైకి దూర్చి చూశాడు. పుల్ల సాఫీగా పైకి పోయింది. లేస్తుంది!

చీమకుర్తి_రాయి
ఆగండాగండి. ఇది మా పని, ఇది నన్ను చెప్పనివ్వండి.

మీరు చెప్పిన దారి కొలత ప్రకారం చూస్తే పలక నాలుగు బై మూడున్నర, మందం అడుగుంపావు. అర క్యూబిక్ మీటరు. గ్రానైట్ కాబట్టి టన్నుంపావు పైమాటే, గాడుల్లోకి దూరిన భాగం కలిపితే ఇంకా ఎక్కువ. ఇంత బరువు బయట అయితే పెద్ద పని కాదు. పొడుగు గడ్డపార వేసి నలుగురు వేలాడితే లేస్తుంది. కానీ మూడున్నర అడుగుల సందులో పొడుగు గడ్డపార తిరగదు. పొట్టిది వేస్తే బలం చాలదు, దాన్ని పట్టుకోవడానికి ఇద్దరికి చోటుండదు. మేం క్వారీలో ఇరుకులో చేసేది ఇది: ఒక పక్క గడ్డపారతో అంగుళం లేపుతాం, ఆ అంగుళం దిగిపోకుండా వెంటనే కింద రాతిముక్క తోస్తాం. మళ్లీ రెండో పక్క అంగుళం, మళ్లీ రాతిముక్క. ఊపిరి బిగబట్టి లేపేవాడు వేరు, ముక్క తోసేవాడు వేరు. తోసేవాడి వేళ్లే ప్రమాదంలో ఉంటాయి. మా నాన్న ఎడమచేతి చిటికెన వేలు చివర లేదు, అలా పోయిందే. బెల్జోని వేరే ఎలాగన్నా లేపి ఉంటే చెప్పండి, నేర్చుకుంటా.

పాతపుస్తకం
సోదరా, మీరు ఆయన పుస్తకం చదివారా?! అక్షరాలా అదే చేశారు. పొడుగు మీటలకి చోటు లేదని, పొట్టివాటికి బలం చాలలేదని ఆయనే రాశాడు. కొంచెం లేపడం, గాడుల్లో రాళ్లు పెట్టి ఆపడం, మళ్లీ లేపడం.

చీమకుర్తి_రాయి
చదవలేదన్నా. మా నాన్నకి ఈ రాత్రికి ఫోన్ చేసి చెబుతా.

గోదారిగట్టు
ఆ పలక కింద నుంచి నేను వంగి వెళ్లి ఉంటానంటే ఇప్పుడు మెడ వెనక చల్లగా ఉంది.

సింగరేణి_బిడ్డ
లోపల గాలి సంగతేంది? అన్ని ఏండ్లు మూసి ఉన్న చోట దీపం పట్టుకుని దిగితే దీపం ఆరిపోతే మనిషీ అంతే.

పాతపుస్తకం
మొదట లోపలికి దూరింది బెల్జోని కాదు. మనిషి పట్టేంత సందు కాగానే ఒక అరబ్ కూలీ కొవ్వొత్తి పట్టుకుని దూరాడు. తిరిగొచ్చి లోపల చాలా బాగుందని చెప్పాడు. బెల్జోని ఒళ్లు పెద్దది, ఆయన పట్టేలా ఇంకొంచెం లేపాల్సి వచ్చింది.

గాలి గురించి అడిగారు కాబట్టి ఇంకొకటి. పెద్ద పిరమిడ్‌లో 1817లో కవీలియా అనే ఇటాలియన్ ఓడ కెప్టెన్ లోపలి బావిలాంటి గొయ్యిని శుభ్రం చేయించబోతే గాలాడక కొవ్వొత్తులు ఆరిపోయేవి. గాలి బాగుపడుతుందని గంధకం కాల్పించాడు. లాభం లేక ఆ పని వదిలేసి, వాలుగా కిందికి దిగే వేరే దారిలో పూడిక తీయిస్తుంటే ఒకచోట గంధకం వాసన గుప్పుమంది! అక్కడ తవ్వితే బావి అడుగు అక్కడికే వచ్చి కలుస్తోంది. ముక్కుతో కనిపెట్టిన దారి.

వెన్నెల_బాల్కనీ
ఒకాయన గడ్డిపుల్లతో, ఒకాయన ముక్కుతో. నాకు ఈ థ్రెడ్ అయిపోకూడదని ఉంది.

అనుమానం_ఫస్ట్
ఒప్పుకుంటున్నా, ఈ ఒక్క పిరమిడ్ విషయంలో ఆయన పేల్చలేదు. కానీ హీరోని చేసేయకండి. ఇదే బెల్జోని గుర్నా సమాధుల్లో మమ్మీల మీద నడిచి, మమ్మీ మీద కూర్చుంటే అది నలిగిపోయిందని తనే రాసుకున్నాడు. 1816లో రామెసిస్ విగ్రహం తల, ఏడు టన్నులది, లండన్‌కి పంపించాడు. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈజిప్ట్ వాళ్ల సొత్తు అది.

పాతపుస్తకం
మీరు చెప్పినవన్నీ నిజాలే, వాటికి నా దగ్గర సమాధానం లేదు. నా అభిమానం ఆ ముప్పై రోజుల చూపు మీద. 20,000 పౌండ్లు పోసి పేలుద్దామని ఇతరులు అనుకున్న పనిని ఈయన 150 పౌండ్ల లోపు ఖర్చుతో చేశాడు, ఒక్క గోడ కూలకుండా. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన వైజ్ చేసిన నష్టం పక్కన పెట్టి చూడండి.

అనుమానం_ఫస్ట్
చూపు గొప్పదే, కాదనను. ఆ చూపుకి చేతులు 80 మందివి. నేను అడిగేది వాళ్ల లెక్క.

కువైట్_కడప
ఇంతకీ లోపల ఏం దొరికింది? బంగారం?

పాతపుస్తకం
పలక దాటాక అడ్డంగా దారి, తర్వాత 15 అడుగుల లోతు గొయ్యి, తాడు పట్టుకుని దిగారు. ఇంకొంత దారి, తర్వాత గది. పొడవు 14 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, పిరమిడ్ కింద రాతినేలలోనే తొలిచి, పైన ఇంటి కప్పులా రెండు వైపులా వాలిన సున్నపురాతి పలకలు వేశారు. పడమటి చివర నేలలో దించిన గ్రానైట్ శవపేటిక. మూత పగిలి సగం తెరిచి ఉంది. లోపల మట్టీ రాళ్లూ, కొన్ని ఎముకలు. రాజువేమో అనుకున్నారు. లండన్‌లో పరీక్ష చేయిస్తే ఎద్దు ఎముకలని తేలింది.

మొదట సింగరేణి గారు అడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఆ గోడ మీదే ఉంది. మసి పట్టిన గోడ మీద అరబిక్‌లో రాత. మేస్త్రీ ముహమ్మద్ అహ్మద్ అనే రాళ్లు కొట్టే ఆయన దీన్ని తెరిచాడని, మేస్త్రీ ఉస్మాన్ దగ్గరుండి చూశాడని. అంటే బెల్జోని కంటే కొన్ని వందల ఏళ్ల ముందే, దొంగల కన్నంలోంచో ఎలాగో, లోపలికి వెళ్లి వచ్చినవాళ్లున్నారు.

కువైట్_కడప
రాళ్లు కొట్టేవాణ్ని అరబిక్‌లో హజ్జార్ అంటారు. హజర్ అంటే రాయి.

చీమకుర్తి_రాయి
మా వాడే పేరు రాసి పెట్టుకున్నాడు గోడ మీద! అనుమానం అన్నా, చూశావా, దొర కంటే ముందే ఒక రాళ్లు కొట్టేవాడి పేరుంది.

అనుమానం_ఫస్ట్
చూశాను తమ్ముడూ. ఇది నాకు తెలియదు. చాలా సంతోషంగా ఉంది.

ఫిజిక్స్_ఫణి
ఆలస్యంగా వచ్చా, కానీ ఒకటి చెప్పకపోతే ఉండలేను. ఆ గదిని ఇప్పటికీ బెల్జోని గది అనే అంటారు. 1960ల చివర్లో లూయీ అల్వారెజ్ అనే అమెరికా శాస్త్రవేత్త, 1968లో నోబెల్ వచ్చిన ఆయనే, అదే గదిలో యంత్రాలు పెట్టి పిరమిడ్‌ని ఎక్స్‌రే తీసినట్టు చూశాడు. ఆకాశం నుంచి మ్యూవాన్లు అనే కణాలు ఎప్పుడూ కురుస్తుంటాయి, రాయిని దూసుకుని కొంతవరకు వస్తాయి. రాయి ఎక్కువ ఉన్న దిక్కు నుంచి తక్కువ, ఖాళీ ఉన్న దిక్కు నుంచి ఎక్కువ వస్తాయి. లెక్కపెడితే పైన రహస్య గది ఉందో లేదో తెలుస్తుంది. ఆయన చూసిన మేరకి ఏమీ లేదని 1970లో ప్రకటించారు.

అదే పద్ధతితో పెద్ద పిరమిడ్‌లో, గోదారిగట్టు గారు చెప్పిన గుడారంలాంటి రాళ్ల వెనక, 9 మీటర్ల పొడవు సొరంగం ఉందని తేల్చారు. రాళ్ల సందులోంచి సన్నని కెమెరా దూర్చి ఫొటో కూడా తీశారు. ప్రకటించిన రోజు తెలుసా? 2023 మార్చి 2.

లెక్కల_టీచర్
205 ఏళ్లు, అదే తేదీ! మా పిల్లలకి రేపే చెబుతా.

సింగరేణి_బిడ్డ
సందులో ఖర్జూరపు కర్ర దూర్చుడు, ఇప్పుడు కెమెరా దూర్చుడు. పని మారలే.

పాతపుస్తకం
వాకిలి కనిపెట్టే ఆట అన్నిసార్లూ ఇంత బాగా ముగియలేదు. హవారాలో మూడో అమెనెమ్‌హాట్ పిరమిడ్ దగ్గర పెట్రీ అనే ఆయన 1888లో ఉత్తరం వైపు వాకిలి కోసం వెతికి వెతికి, చివరికి ఇటుకల్లోంచి తనే తొలుచుకుని మరుసటి ఏడాది గది చేరాడు. చేరాక తెలిసింది, వాకిలి దక్షిణాన ఉందని. ఆ కాలం రాజులు ఉత్తరం అలవాటు మార్చేశారు. గదంతా నీళ్లు.

గోదారిగట్టు
ఇవాళ మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా. గడ్డిపుల్ల దగ్గర నవ్వింది. బండ జారిన దగ్గర "అయ్యో నాయనా" అంది. మాస్టారు చెప్పిన తూర్పు లెక్క అర్థం కావడానికి పీట మీద నాలుగు అగ్గిపుల్లలు పెట్టి చూపించాల్సి వచ్చింది. అంతా విన్నాక మళ్లీ ఒక ప్రశ్న వేసింది. కొవ్వొత్తి పట్టుకుని ముందు దూరినవాడి పేరేమిటి అని.

పాతపుస్తకం
ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. ఒక అరబ్ అని మాత్రమే ఉంది.

చీమకుర్తి_రాయి
గోదారిగట్టు అన్నా, ఆ పలక జారే గాడి ఫొటో ఏమన్నా తీశావా? ఉంటే పెట్టు. నాన్న చూస్తానంటున్నాడు.

గోదారిగట్టు
మా ఆవిడ ఫోన్‌లో ఒకటుంది, మసగ్గా వచ్చింది. రాత్రికి పెడతా.